స్టాప్ లీక్ ద్రవం: రేడియేటర్ చెమ్మకు సరే, పగులుకు కాదు

నా పాత కారు రేడియేటర్‌లో అల్యూమినియం రెక్కల మధ్య నుంచి కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) చెమ్మగా కారుతోంది. కొత్తది వేయించేదాకా బండి నడవాలి కదా అని రేడియేటర్‌లో పోస్తే చిన్న లీకుల్ని మూసే స్టాప్ లీక్ సీసా కొన్నాను. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీశాను (వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి). సీసా బాగా కుదిపి పోసి, హీటర్ ఫుల్‌గా పెట్టి ఇంజిన్ నడిపాను. చుక్కలు మెల్లగా తగ్గాయి. మర్నాడు చూస్తే బండి కింద నేల పొడిగా ఉంది. చాలా ఊరటగా అనిపించింది.

అయితే ఇది సూది బెజ్జమంత రంధ్రానికే. ఇందులోని సన్నటి రేణువులు కూలెంట్‌తో పాటు తిరిగి, లీకయ్యే చోట చేరి మూసేస్తాయి. అవే క్యాబిన్ హీటర్ గొట్టాల్లోనూ పేరుకోవచ్చు. అందుకే సీసా మీద రాసిన మోతాదు మించి పోయకండి.

రేడియేటర్ అంచునుండే ప్లాస్టిక్ ట్యాంక్ పగిలితే మాత్రం దీన్ని నమ్మొద్దు. అక్కడ ఎపాక్సీ పుట్టీ (రెండు ముద్దలు కలిపితే గట్టిపడే అతుకు పదార్థం) మేలు. కూలెంట్ దించి, గరుకు కాగితంతో రుద్ది, తడి లేకుండా తుడిచి, రెండు ముద్దలూ ఒకే రంగుకి వచ్చేదాకా పిసికి అద్దాలి. బండి వేడెక్కాక లోపల సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది, సరిగా గట్టిపడని పుట్టీ ఊడొచ్చేస్తుంది. మిరియాల పొడి, గుడ్డు తెల్లసొన పోయమనేవాళ్లూ ఉన్నారు. దయచేసి వద్దు.

బండి తీసే ముందు రోజూ కూలెంట్ మట్టం చూస్తున్నాను. కొత్త రేడియేటర్ వేసేటప్పుడు కూలెంట్ తిరిగే సిస్టమ్ మొత్తం ఫ్లష్ చేయిస్తాను (లోపలంతా కడిగిస్తాను).