విజయవాడలో పిల్లలకు ఏఎఫ్‌ఓ కొనేవారికి హెచ్చరిక: అచ్చు తీయకుండా ‘ప్రత్యేకంగా చేశాం’ అంటే నమ్మకండి

సూర్యారావుపేటలో ఆసుపత్రుల మధ్య ఉన్న ఒక సర్జికల్ దుకాణంలో, మా పాప కాళ్లకు ‘ప్రత్యేకంగా చేయించిన’ ఏఎఫ్‌ఓలు (చీలమండనూ పాదాన్నీ నిలబెట్టి ఉంచే ప్లాస్టిక్ ఆధారాలు) అని చెప్పి రెడీమేడ్ సరుకు అంటగట్టారు. రెండు కాళ్లకూ కలిపి రూ.14,000. డబ్బు సంగతి తర్వాత. స్పర్శ సరిగా తెలియని పిల్లల కాళ్లకు ఇలాంటివి తొడిగితే పుండ్లు పడతాయి, మా పాపకు పడింది కూడా. అందుకే ఇది రాస్తున్నాను.

పాపకు తొమ్మిదేళ్లు. షార్కో–మారీ–టూత్ అనే వంశపారంపర్య నరాల జబ్బు, పొట్టిగా సీఎంటీ. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. అంత అరుదేమీ కాదు, మన దగ్గర చాలామందికి పేరు తెలియదంతే. శరీరంలో అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలకు వెళ్లేవే కాబట్టి దెబ్బ ముందు అక్కడే పడుతుంది. పాదాన్ని పైకెత్తే కండరాలు, వెలుపలికి లాగే కండరాలు నీరసిస్తాయి. లోపలికి లాగే కండరానికి ఎదురు లేకుండా పోతుంది. దాంతో మడమ లోపలికి వాలి, అరికాలి వంపు లోతై, బరువంతా పాదం బయటి అంచు మీద పడుతుంది. కాలు ఏ కోణంలో ఉందో మెదడుకు తెలియడం కూడా మందగిస్తుంది. అందుకే చదునైన బండల మీద నడుస్తున్నా చీలమండ ఠక్కున మడత పడుతుంది. ‘చూసుకుని నడవమ్మా’ అని పిల్లను కసరడం వల్ల ఒరిగేదేమీ లేదు.

డాక్టర్ చీటీలో ‘అచ్చు తీసి చేసిన ఏఎఫ్‌ఓ’ అని స్పష్టంగా రాశారు. దుకాణంలో కౌంటర్ దగ్గరి అతను పాప బూటు సైజు అడిగాడు, టేపుతో పిక్క చుట్టుకొలత తీశాడు, అయిపోయిందన్నాడు. అచ్చు తీయరా అంటే, “ఇప్పుడంతా కంప్యూటర్ కొలతలే సార్, పీఓపీ పాత పద్ధతి” అన్నాడు. పీఓపీ అంటే అచ్చు తీసే ప్లాస్టర్ ఆఫ్ పారిస్. కంప్యూటర్‌తో స్కాన్ చేసి చేసే పద్ధతి నిజంగానే ఉంది. కానీ దానికి కాలిని స్కాన్ చేయాలి కదా! ఆ దుకాణంలో ఉన్న కంప్యూటర్ బిల్లు కొట్టేది ఒక్కటే. పైగా అయిదేళ్ల గ్యారంటీ అని రాసిచ్చారు. ఎదిగే పిల్ల పాదం అయిదేళ్లు అదే సైజులో ఉంటుందా? ఆ మాటతోనే సరుకు ఎలాంటిదో తెలిసిపోతుంది.

వస్తువు చేతికొచ్చాక చూస్తే మడమ దగ్గర మెత్తటి స్పాంజి అతికించి ఉంది. దాని అంచు కొంచెం లేచి ఉంటే గోటితో లాగాను. లోపల ప్లాస్టిక్ మీద అచ్చుగుద్దిన ‘ఎం’ అక్షరం, దాని కింద ఎడమ కాలి గుర్తు. అంటే కార్ఖానాలో వందల్లో తయారయ్యే మీడియం సైజు ముక్క. దానికి స్పాంజి అంటించి, అంచులు కాస్త అరగదీసి, ధర పెంచి అమ్మారు. అరికాలి భాగం పలకలా చదునుగా ఉంది. వంపు లోతుగా ఉన్న పాదం దాని మీద మడమతోనూ ముందరి భాగంతోనూ మాత్రమే ఆనుతుంది, మధ్యలో అంతా ఖాళీ. వాలిన మడమను నిలబెట్టే ఏర్పాటు ఏదీ లేదు. పాదం లోపల జారి, బయటి చీలమండ ఎముక ప్లాస్టిక్ అంచుకు ఒరుసుకుంది.

పాప నొప్పి అని ఒక్కసారి కూడా చెప్పలేదు. మేజోడు విప్పితే చీలమండ దగ్గర రూపాయి బిళ్లంత తడి మరక. దాని కింద చర్మం లేచిపోయి ఉంది.

అదే దుకాణానికి తీసుకెళ్లి చూపిస్తే, “కొత్తలో అందరికీ ఇంతే, అలవాటవుతుంది” అన్నారు. ఆ నోటితోనే, నరాలకు బలం వస్తుందంటూ పాదాలకు వేడి పెట్టే వైబ్రేటర్ కూడా కొనమన్నారు! సీఎంటీని నయం చేసే మందూ యంత్రమూ ఇప్పటికి లేవు. వేడి సరిగా తెలియని పాదాలకు అలాంటిది పెడితే కాలిపోతాయి. దాని జోలికి వెళ్లకండి.

అచ్చు తీయడం అంటే ఏమిటో తర్వాత వెళ్లిన వేరే కేంద్రంలో చూశాం. ఆర్థోటిస్టు, అంటే ఇలాంటి ఆధారాలు కొలిచి తయారుచేసే నిపుణుడు, ముందుగా ఒక చెక్కముక్క తెచ్చి, పాప మడమ, పాదం బయటి అంచు దాని మీద ఉండేలా, బొటనవేలి వైపు కిందికి వేలాడేలా నిలబెట్టారు. వెనక నుంచి చూస్తే మడమ నిటారుగా వచ్చింది. దీన్ని కోల్‌మన్ బ్లాక్ పరీక్ష అంటారు. మడమ ఇంకా బిగుసుకుపోలేదు, ఆధారమిస్తే సర్దుకుంటుందని దీనితో తెలుస్తుంది. బిగుసుకుపోయిన పాదానికి చేసే తీరు వేరు. ఆ తర్వాత మోకాలు వంచి కూర్చోబెట్టి, పల్చటి మేజోడు తొడిగి, పొడుచుకొచ్చిన ఎముకలన్నిటి మీదా పెన్సిల్‌తో గుర్తులు పెట్టారు. పీఓపీ పట్టీ చుట్టి, అది గట్టిపడేదాకా మడమను చేత్తో నిటారుగా పట్టుకునే ఉన్నారు. ఆ అచ్చులో మళ్లీ ప్లాస్టర్ పోసి, వచ్చిన నమూనాను సరిదిద్ది, దాని మీద వేడిచేసిన పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ షీటు పరుస్తారట. మేజోడు మీది పెన్సిల్ గుర్తులు నమూనా మీదికి దిగుతాయి, ఎముకలు ఒరుసుకోకుండా అక్కడ ఖాళీ వదులుతారు. ఇవేవీ లేకుండా బూటు నంబరుతో ఏఎఫ్‌ఓ చేస్తామనేవారికి అడ్వాన్సు ఇవ్వకండి.

కొలత తీసే వ్యక్తికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. నంబరు చెప్పడానికి నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. బిల్లు మీద ‘సర్జికల్ వస్తువులు’ అని కాకుండా, అచ్చు తీసి చేసిన ఏఎఫ్‌ఓ అనీ, ఏ కాలికనీ, సరిచేసే పని ఉచితమా కాదా అనీ రాయించుకోండి. మా బిల్లులో ఆ ‘అచ్చు తీసి’ అన్న మాట ఉండబట్టే ఇప్పుడు ఫిర్యాదుకు బలం వచ్చింది.

‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూసి వెనక్కి తగ్గకండి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా, వాపసు తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార విధానమే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. లోపల కనిపించిన సైజు అక్షరం, పుండు, డాక్టర్ చీటీ అన్నీ ఫొటోలు తీసి ఉంచుకోండి.

మంచి చోట చేయించినా మొదటి రోజే బడికి తొడిగి పంపకండి. కాసేపు వేసి విప్పి చూడండి. ఎర్రదనం అరగంటలో పోకపోతే సరిచేయించాల్సిందే. పాపనో బాబునో ‘నొప్పిగా ఉందా’ అని అడిగి ఊరుకుంటే చాలదు, కళ్లతో చూడాలి. అతుకులు లేని నూలు మేజోళ్లు వాడండి. బూట్లు మాత్రం ఏఎఫ్‌ఓ చేతికొచ్చాకే, అది తొడిగించి చూసుకుని కొనండి. మామూలు సైజు పట్టదు, లోపలి అట్ట తీసేయగలిగి, లేసులు బాగా కిందిదాకా విప్పుకునేవైతే నయం.