చిన్న వ్యాపారానికి గూగుల్ అనలిటిక్స్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మాది నెల్లూరులో చిన్న వ్యాపారం. ఉదయగిరి కళాకారులు నర్ది, బిక్కి చెక్కలతో చేసే గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు తెచ్చి అమ్ముతాం. వెబ్‌సైట్ పెట్టినప్పటి నుంచీ, సైటుకి ఎవరు వస్తున్నారో, ఏం చూస్తున్నారో లెక్క చూపించే గూగుల్ అనలిటిక్స్ వాడుతున్నాను. దాని పాత వెర్షన్ యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జులై 1న ఆగిపోయింది, అప్పటి నుంచి కొత్త వెర్షన్ జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4). డబ్బు కట్టక్కర్లేదు, మాలాంటి వాళ్లకు ఇది చాలు. కానీ తెరవగానే కనిపించే పేజీ దగ్గరే ఆగిపోతే మాత్రం ఉపయోగం లేదు.

ఆ పేజీలో పెద్దగా కనిపించే యూజర్ల సంఖ్య మనుషుల లెక్క కాదు. ఒకే ఆవిడ పొద్దున ఫోన్‌లో, మధ్యాహ్నం ఆఫీసు కంప్యూటర్లో చూస్తే మామూలుగా ఇద్దరి కింద పడుతుంది. అమెరికాలోని యాష్‌బర్న్ నుంచి జనం వస్తున్నట్టు కనిపిస్తే మన ఎన్నారైలే అనుకోవద్దు. అక్కడ డేటా సెంటర్లు ఎక్కువ, వచ్చింది మనుషులు కాదు, బాట్లు (తమంతట తామే సైట్లు తిరిగే ప్రోగ్రాములు) అయ్యుండొచ్చు. ఊరి పేరు కూడా ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) బట్టి వేసే అంచనాయే. మొబైల్ డేటా వాడే మా నెల్లూరు దర్గామిట్ట కస్టమర్ హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్నట్టు చూపించొచ్చు. మన ఊళ్లో మనల్ని ఎవరూ చూడట్లేదని ఆ పట్టిక చూసి తేల్చేయకండి. ఈ విషయంలో నేను డెలివరీ అడ్రస్‌లనే నమ్ముతాను.

నాకు నిజంగా పనికొచ్చింది వాట్సాప్ బటన్ లెక్క. మా ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి. ఆ లింకు మన సైటు నుంచి బయటికి వెళ్లేది కాబట్టి, జీఏ4లో ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆ క్లిక్ దానంతటదే నమోదవుతుంది. ఫోన్ నంబరు మీద నొక్కితే అలా కాదు, దానికి ట్యాగ్ మేనేజర్ అనే మరో గూగుల్ టూల్‌లో విడిగా పెట్టుకోవాలి. ఏ పేజీ నుంచి వాట్సాప్‌కి వస్తున్నారో చూడడం మొదలుపెట్టాక సంగతి తెలిసింది. గిఫ్ట్ సెట్ల పేజీకి జనం బాగా వస్తున్నారు, బటన్ నొక్కేవాళ్లు తక్కువ. వంట గరిటెల పేజీకి వచ్చేదే కొద్దిమంది, కానీ వాళ్లు అడిగి కొంటున్నారు. గిఫ్ట్ పేజీలో ధర, సెంటీమీటర్లలో కొలత, చేత్తో పట్టుకుని తీసిన ఫొటో చేర్చాం. అప్పట్నుంచి "రేటెంతండీ?" అనే మెసేజ్‌లు తగ్గి, "రెండు సెట్లు పంపండి" అనేవి పెరిగాయి.

ఇంకో మాట. అనలిటిక్స్ ఒక్కటే పెట్టుకుంటే సగం పనే అయినట్టు. గూగుల్ వాళ్లదే సెర్చ్ కన్సోల్, అదీ ఉచితమే, నాకైతే అదే ఎక్కువ ఉపయోగపడింది. గూగుల్‌లో ఏం కొడితే మన సైటు కనిపించిందో, ఎంతమంది నొక్కారో అందులో ఉంటుంది. ఉదయగిరి పేరు పెట్టి వెతికేవాళ్లు ఎలాగూ మన దాకా వస్తారు. నాన్‌స్టిక్ పెనానికి గీతలు పడకుండా ఏ గరిటె వాడాలి, చెక్క గరిటెకు ఏ నూనె రాయాలి అని వెతికేవాళ్లకు కూడా మా సైటు కనిపించేది, కానీ అప్పట్లో నొక్కేవాళ్లే లేరు. ఆ ప్రశ్నలకు జవాబులు తెలుగులో రాసి పెట్టాను. ఇప్పుడు కొత్త కస్టమర్లు చాలామంది వాటి మీదుగానే వస్తున్నారు. ఎడమచేతి వాటం వాళ్ల అట్లకాడ కోసం కూడా వెతుకుతున్నారని అక్కడే చూశాను. ఉదయగిరిలో మేస్త్రీకి చెబితే, అంచు ఏటవాలు అటువైపు తిప్పి చేసిచ్చారు. అది బాగా పోతోంది.

కొత్తగా అనలిటిక్స్ పెట్టుకునేవాళ్లు ముందు అడ్మిన్‌లో డేటా రిటెన్షన్, అంటే వివరాలు ఎన్నాళ్లు దాచి ఉంచాలనే సెట్టింగ్, చూడండి. మామూలుగా 2 నెలలే ఉంటుంది, ఉచిత ఖాతాలో 14 నెలల దాకా మార్చుకోవచ్చు. మార్చకపోతే ఎక్స్‌ప్లోరేషన్ రిపోర్టుల్లో (మనకు కావాల్సినట్టు మనమే తయారు చేసుకునేవి) పోయిన సంక్రాంతినీ ఈ సంక్రాంతినీ పక్కపక్కన పెట్టి చూడలేరు. వాట్సాప్ గ్రూపుల్లో పంపే లింకులకు యూటీఎం ట్యాగులు (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పడానికి లింకు చివర చేర్చే మాటలు) తగిలించండి, లేకపోతే అక్కడి నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా 'డైరెక్ట్'లో, అంటే ఎక్కడి నుంచి వచ్చారో తెలియనివాళ్ల లెక్కలో, కలిసిపోతారు. ఇవాళ్టి అంకెలు ఇవాళే చూసి టెన్షన్ పడొద్దు, లెక్క కుదురుకోవడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది. నేనైతే వారానికోసారి, సోమవారం షాపు తెరిచాక చూస్తాను. వాట్సాప్ క్లిక్కులు, వెతికిన మాటలు, అంతే. మిగతా రిపోర్టుల జోలికి వెళ్లను.