ర్యాలీ కోసం రన్నింగ్ షూ: మొరం మీద, కాలువ కట్ట మీద 14 నెలలు వాడాక

ముందే తేల్చి చెప్తున్నా. 2,500 నుంచి 3,500 రూపాయల మధ్య, ఒక్కోటి 250–280 గ్రాములు తూగే, అడుగున అసలు రబ్బరు ఉన్న మామూలు ట్రైనింగ్ షూ చాలు. ఆర్మీ భర్తీ ర్యాలీకైనా, పోలీసు ఈవెంట్స్‌కైనా (ఉద్యోగానికి పెట్టే పరుగు పరీక్షలు) ఇదే మాట. అంతకు తక్కువలో కొంటే షిన్ (మోకాలి కింది ముందు ఎముక) నొప్పి వెంటపడుతుంది, అంతకు పైన పెట్టిన డబ్బు మన గ్రౌండ్‌ల మీద వట్టిగా అరిగిపోతుంది. 14 నెలల్లో మూడు రకాల జతలు తొడిగి, నల్లగొండ చుట్టుపక్కల మొరం గ్రౌండ్, పానగల్లు చెరువు కట్ట, కాలువ కట్ట, సీసీ రోడ్డు, వానాకాలం చెల్కల బాట, అన్నిటి మీదా పరుగెత్తాక రాస్తున్న లెక్క ఇది. కంపెనీల పేర్లు రాయట్లేదు. ఒకే పేరుతో వచ్చే మోడల్ కూడా ఏడాది తిరిగేసరికి సోల్ మార్చుకుని వస్తుంది. కొలతలు పట్టుకుంటే ఏ దుకాణంలోనైనా పనికొస్తాయి.

ఆర్మీలో అగ్నివీర్ జనరల్ డ్యూటీకి 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో కొడితే 60 మార్కులు, 5:31 నుంచి 5:45 దాకా 48. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు 82 సెకన్లు. 2022 తెలంగాణ పోలీసు నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు. ఎస్‌ఎస్‌సీ జీడీలో (కేంద్ర బలగాల కానిస్టేబుల్ భర్తీ) మగవాళ్లకు 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో. ఏది చూసినా పరీక్ష నిమిషాల్లో ముగుస్తుంది. తయారీ అట్ల కాదు: వారానికి 30 కిలోమీటర్ల చొప్పున ఆరు నెలలంటే 780 కిలోమీటర్లు. షూ కొనేది ఆ 780 కోసం. పోరగాళ్లు ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. 2024 డిసెంబర్ ర్యాలీ హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో జరిగింది కదా, సింథటిక్ ట్రాక్ కదా అని తేలికపాటి రేసింగ్ షూ కొని, రోజూ ఉరికేది మాత్రం జూనియర్ కాలేజీ మొరం మీద.

మొదటిది 900 రూపాయల జత. కిరాణా కొట్టు కాంటా మీద పెడితే ఒక్కోటి 355 గ్రాములు. అడుగు మొత్తం పీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్. పీవీసీ అరగదు, అందుకే దుకాణంలో దాన్ని గొప్పగా చెప్తారు. కానీ అది వంగదు, దెబ్బను పీల్చుకోదు. రోజుకు 5 కిలోమీటర్లు పెట్టిన మూడో వారానికి మోకాలి కింద ఎముక లోపలి అంచున నొప్పి మొదలవుతుంది. వేలితో నొక్కితే జానెడు పొడవునా తెలుస్తుంది. అది షిన్. కొన్ని వారాలు ఆపితే తగ్గుతుంది, ర్యాలీకి నెల ముందు వస్తే మాత్రం ఆపడానికి అన్ని వారాలు ఎక్కడివి? తడి సిమెంటు మీద ఈ సోల్ జారుతుంది కూడా. ఇప్పుడు ఈ జత బీమ్ (పుల్-అప్స్) కొట్టడానికి, షాట్‌పుట్‌కు, గ్రౌండ్‌కు నడిచి పోవడానికే.

ఇంకో మోసం ఫస్ట్ కాపీ. పెద్ద కంపెనీ గుర్తు వేసి 1,200కు, 1,500కు అమ్ముతారు. పైన జాలీ బాగానే ఉంటుంది, సంగతంతా అడుగున ఉంటుంది. గోరుతో సోల్ అంచు గీకండి. గీత పడి అట్లనే నిలిస్తే అది ఒట్టి ఫోమ్, రబ్బరు లేదు. రబ్బరైతే గోరు జారుతుంది, గీత నిలవదు. ఒట్టి ఫోమ్ అడుగు మొరం మీద 150 కిలోమీటర్లకే మడమ బయటి అంచున వాలుగా తెగిపోతుంది, అప్పట్నుంచి ప్రతి అడుగూ పక్కకు ఒరుగుతుంది.

రెండోది 2,800 జత. ఇదే అసలు సరుకు. 8వ నంబరు ఒక్కోటి 265 గ్రాములు, మడమ దగ్గర ఎత్తు వేళ్ల దగ్గరి కన్నా 8 మిల్లీమీటర్లు ఎక్కువ, మధ్యలో ఈవీఏ అనే తేలికపాటి ఫోమ్, అడుగున మడమకూ ముందుపాదానికీ నల్ల రబ్బరు. ఈ రబ్బరు ఎంత మేర పరిచారో చూడాలి. నడుమ భాగంలో లేకపోయినా ఫరవాలేదు. మడమ బయటి అంచు, బొటనవేలి కింద, చిటికెన వేలి కింద, ఈ మూడు చోట్ల తప్పకుండా ఉండాలి, మన అరుగుదల అక్కడే. మొరం మీద 700 కిలోమీటర్లు వచ్చింది. 500 దాటాక ఫోమ్ పక్క గోడల మీద అడ్డంగా సన్నటి ముడతలు పడ్డాయి, బొటనవేలితో నొక్కితే ముందులా తిరిగి లేవలేదు. చివరి 200 కిలోమీటర్లు మెల్లటి పరుగుకే పనికొచ్చింది.

గాడుల సంగతి ఒకటి చెప్పాలి. మొరం రాళ్లు బఠాణీ గింజ సైజువి. సోల్‌కు 3–4 మిల్లీమీటర్ల వెడల్పు లోతైన గాడులుంటే రాళ్లు అందులో ఇరుక్కుని సీసీ రోడ్డెక్కగానే టక్ టక్‌మంటాయి, అరికాలికి అదే చోట పదే పదే పొడుస్తాయి. స్క్రూడ్రైవర్‌తో పీకడం రోజూ ఒక పని. గాడులు ఇరుకుగా, మట్టంగా ఉన్న సోల్ మేలు. మరీ నున్నగా ఉంటే మాత్రం కాలువ కట్ట మలుపుల దగ్గర మొరం పొడి మీద కాలు నిలవదు.

పల్లేరు కాయలు ఇంకో బాధ. వానాకాలం పోయాక చెల్కల బాటల మీద, గ్రౌండ్ అంచుల్లో ఉంటాయి. రబ్బరు ఉన్నచోట ముల్లు దిగదు, ఫోమ్ బయటికి ఉన్నచోట కస్సున దిగి లోపలే విరుగుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు. ఫోమ్ అణిగేకొద్దీ ముల్లు పైకొచ్చి వారానికో పదిరోజులకో అరికాల్లో చురుక్కుమంటుంది. వారానికోసారి లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి, షూ లోపల చేయి పెట్టి మెల్లగా తడమాలి. తగిలితే పిన్నీసుతో కింది నుంచి పైకి తోసి తీయాలి. సర్కారు తుమ్మ ముల్లు దిగితే మాత్రం రబ్బరూ లేదు గిబ్బరూ లేదు, ఆ బాటనే మానుకోవాలి.

మూడోది 6,500 జత, ఒక్కోటి 212 గ్రాములు. తొడిగితే కాలికేమీ లేనట్టే ఉంటుంది, అది నిజం. ఒక్కో షూకు 100 గ్రాములు తగ్గితే పరుగు శ్రమ సుమారు ఒక శాతం తగ్గుతుంది. 265 నుంచి 212కు వస్తే అర శాతం, అంటే 330 సెకన్లలో సెకనున్నర. 5:31లో ఆగిపోయేవాడికి అది 12 మార్కులు, కాదనను. అదే సెకనున్నర మొదటి మలుపు దగ్గర గుంపు బయటి నుంచి తిరిగినందుకూ పోతుంది, అదీ లెక్కే. ఈ జత మెత్తదనం మొరం మీద మైనస్. మందంగా, మెత్తగా ఉన్న మడమ కింద ఒక రాయి పడితే చీలమండ పక్కకు మడతపడుతుంది. రబ్బరు పల్చన, 300 కిలోమీటర్లకే మడమ దగ్గర ఫోమ్ బయటపడింది. దగ్గర్లో సింథటిక్ ట్రాక్ ఉండి, వారానికి రెండుసార్లు అక్కడ స్పీడు కొట్టేవాళ్లకైతే సరే. లోపల కార్బన్ ప్లేటు ఉన్న పది వేల పైన జతలు 1.6 కిలోమీటర్లకు అక్కర్లేదు. మేకుల స్పైక్స్ గురించి కూడా అడుగుతుంటారు. గుంపులో పక్కవాడి పిక్క చీరేస్తాయి, మొరం మీద మేకు మొద్దుబారిపోతుంది. అడ్మిట్ కార్డు మీద షూ గురించి ఏం రాశారో చదవకుండా స్పైక్స్ కొనొద్దు.

సైజు దగ్గర జరిగినంత నష్టం ఇంకెక్కడా జరగదు. సాయంత్రం, పరుగు అయ్యాక కొలవండి, అప్పుడు పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడి, అన్నిటికన్నా పొడుగు వేలి దగ్గర గీత పెట్టాలి. కొందరికి బొటనవేలి కన్నా పక్క వేలే పొడుగు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని పట్టుకోవాలి. షూ నాలుక వెనక చీటీ మీద సెంటీమీటర్లు ఉంటాయి. పాదం 26 వస్తే 26.5 గానీ 27 గానీ తీసుకోవాలి. నిలబడ్డప్పుడు వేలి ముందు చేతి బొటనవేలి గోరంత జాగా మిగలాలి. లేకుంటే రెండు వారాల్లో గోరు నల్లబడుతుంది. ఎక్కువైతే మడమ లేచి లేచి వెనక పొక్కుతుంది.

పొడుగు సరిపోయినా వెడల్పు సరిపోదు చాలామందికి. చిన్నప్పట్నుంచి చెప్పులతో, ఉత్త కాళ్లతో తిరిగిన పాదం ముందుభాగం విచ్చుకుని ఉంటుంది. దుకాణంలోనే ఇన్‌సోల్ బయటికి తీయించి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. చిటికెన వేలు అంచు దాటి బయటికొస్తే ఆ మోడల్ వద్దు. "వాడుతుంటే సాగుతుంది అన్నా" అంటాడు దుకాణదారు. సాగేది పైన బట్ట, కింద సోల్ సాగదు. ఆన్‌లైన్‌లో కొంటే ఇంట్లో బండల మీదే తొడిగి చూడాలి, మట్టి అంటితే వాపసు తీసుకోరు. ఆడవాళ్లకు మగవాళ్ల షూలో చిన్న నంబరు అంటగడతారు. చాలామందికి ముందు సరిపోయినా మడమ దగ్గర వదులవుతుంది, ఆడవాళ్ల మోడలే అడగండి.

మడమ కాస్త వదులైతే షూ మార్చకముందు లేసు కట్టు మార్చి చూడండి. పైన చివర, కాస్త పక్కకు జరిగి ఒక బొక్క ఖాళీగా ఉంటుంది. లేసును బయటి నుంచి ఆ బొక్కలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలాలి. రెండు పక్కలా అట్లనే చేసి, ఈ కొసను ఆ ఉచ్చులో నుంచి, ఆ కొసను ఈ ఉచ్చులో నుంచి లాగి, కిందికి బిగించి ముడి వేయాలి. చీలమండ ముందు పట్టు పడుతుంది, వేళ్ల మీద బిగుతు పెరగదు. ముడి రెండుసార్లు వేసి కొసలు లేసు కిందికి దోపాలి. గుంపు పరుగులో వెనకవాడు తొక్కేది వేలాడే లేసునే.

ఫ్లాట్ ఫుట్ ఉన్నవాళ్లకు ఒక మాట. తడి కాలుతో బండ మీద అడుగేస్తే నడుమ వంపు లేకుండా పాదం మొత్తం అచ్చు పడితే అనుమానించాలి. లోపల వంపు ఎత్తున్న షూ పరుగులో సుఖమిస్తుంది గానీ, ఆర్మీ మెడికల్‌లో ఉత్త కాళ్లే చూస్తారు. షూ మీద ఖర్చు పెట్టే ముందే ఎముకల డాక్టరుకు చూపించుకోవడం తెలివి.

సాక్సు పూర్తి కాటన్ అయితే చెమటకు తడిసి ముద్దయి మడత పడుతుంది, ఆ మడత దగ్గరే పొక్కు. పాలిస్టర్ లేదా నైలాన్ ఎక్కువున్నది, మడమకు అతుక్కునేది తీసుకోవాలి. జత 100–150 రూపాయలు.

షూను చంపేది పరుగు కన్నా ఎండ. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు, రేకుల మీద ఆరేస్తే జిగురు మెత్తబడి బొటనవేలి ముందు సోల్ నోరు తెరుస్తుంది. ఫోమ్ కూడా ముడుచుకుపోతుంది. రాత్రంతా సర్ఫులో నానబెట్టినా ఇదే గతి. బ్రష్షుతో మట్టి దులిపి, లేసూ ఇన్‌సోలూ తీసి, చల్లనీళ్లతో కడిగి, లోపల పాత పేపర్లు కుక్కి నీడన పెట్టాలి. తెల్లారి పేపరు మార్చాలి. వానాకాలం నల్లరేగడిలో దిగితే ఒక్కో షూకు అరకిలో బంక పడుతుంది, దాన్ని తడి మీద గీకొద్దు, ఎండాక పెళ్లలుగా ఊడొస్తుంది. నోరు తెరిస్తే చెప్పులు కుట్టే ఆయన దగ్గర సొల్యూషన్ పెట్టించి, రాత్రంతా బరువు కింద ఉంచితే రెండు నెలలు వస్తుంది. చుట్టూ కుట్టు వేయించొద్దు. దారం ఫోమ్‌ను కోస్తుంది, ముందుభాగం వంగదు.

ఇక ఎప్పుడు కొనాలి. తయారీ మొదలైనప్పుడు ఒక జత, ర్యాలీకి ఎనిమిది వారాల ముందు అదే మోడల్ అదే నంబరు రెండోది. కొత్తది మొదట వారానికి రెండు రోజులు, తర్వాత స్పీడు రోజుల్లో. ర్యాలీ నాటికి దాని మీద 80–100 కిలోమీటర్లు పడాలి. ముందు రోజు కొన్న కొత్త షూతో వచ్చి మూడో రౌండులో కుంటేవాళ్లు ప్రతి ర్యాలీలో ఉంటారు. షూ విప్పి ఉత్త కాళ్లతో ఉరికేవాళ్లూ ఉంటారు. నెలల తరబడి అట్లనే ఉరికి అరికాలు గట్టిపడ్డవాళ్లకు అది నడుస్తుంది, ఆ పొద్దుగాల బురద చూసి నిర్ణయం తీసుకున్నవాళ్లకు మాత్రం నడవదు.

2,800 రకంలోనే తీసుకున్న రెండో జత ఇప్పుడు 310 కిలోమీటర్ల దగ్గర ఉంది. కుడి మడమ బయటి అంచున రబ్బరు 2 మిల్లీమీటర్లు తగ్గింది, ఎడమది ఒక మిల్లీమీటరే. రౌండ్లన్నీ ఎప్పుడూ ఎడమకే తిరుగుతాం కాబట్టి బయటి కాలు మీద బరువు ఎక్కువ పడుతున్నట్టుంది. మెల్లటి పరుగు రోజుల్లో ఇప్పుడు గ్రౌండ్ వదిలి కట్ట మీద తిన్నగా పోయి రావడం మొదలైంది.