చేపలు అడిగితే ముందు బోరు నీళ్లు తెమ్మన్నాడు

పోయిన ఏడాది వేరే చోట అక్వేరియం కొంటే, అదే రోజు రెండు నియాన్ టెట్రా చేపలు కూడా కవర్లో పోసి ఇచ్చారు. వారం తిరక్కుండానే రెండూ చచ్చిపోయాయి. మా పాప ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అందుకే తిరుపతి బైరాగిపట్టెడలోని ఈ చిన్న అక్వేరియం షాపుకి టెన్షన్ పడుతూనే వెళ్లాను.

షాపు అన్న చేపలు ఇవ్వలేదు. "ముందు మీ బోరు నీళ్లు ఒక సీసాలో తెండమ్మా" అన్నాడు. తెస్తే పరీక్ష పట్టీ ముంచి చూపించాడు. సున్నం బాగా ఎక్కువ, మా బకెట్లకు తెల్లగా పొర కట్టేది అందుకే. నియాన్లు అమెజాన్ ప్రాంతపు మెత్తటి నీళ్ల చేపలు, పైగా తిరుపతి ఎండలకు ఆగవన్నాడు. వాటికన్నా చవకైన జీబ్రా డానియోలు చూపించాడు. అవి మన గంగా పరీవాహక ప్రాంతంలో ఉండే చేపలే. ఖరీదైనవి అంటగట్టకుండా ఇంత ఓపికగా చెప్పేసరికి నాకు నమ్మకం కుదిరింది.

ఆ రోజు ఇచ్చింది స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంపు మాత్రమే. తన ట్యాంకులోని పాత స్పాంజ్ తీసి నా సీసాలోకి పిండాడు. డికాషన్ రంగులో మడ్డి దిగింది. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉండేది అందులోనేనట. ఆ మడ్డి పోసి, ఆ బ్యాక్టీరియా బతకడానికి రోజూ చిటికెడు మేత వేస్తూ నెల రోజులు ఖాళీ ట్యాంకు నడిపాను. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే చేపలు ఇచ్చాడు. రెండు చాలంటే ఒప్పుకోలేదు, ఆరుకి తగ్గితే ఒకదాన్నొకటి తరుముకుంటాయని ఎనిమిది ఇచ్చాడు.

అయిదు నెలలైంది, ఎనిమిదీ ఉన్నాయి. మేత డబ్బా మూత చప్పుడైతే చాలు, గుంపంతా ఒక్కసారిగా తిరుగుతుంది. నీలం చారల మధ్య బంగారు గీత మెరుస్తుంది. ఇవి ఎగిరి దూకుతాయి, పైన వల మూత తప్పనిసరి. స్పాంజ్‌ను కుళాయి కింద కడగకూడదు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

మొక్కలు మాత్రం ఇక్కడ కొనకండి. నేను తెచ్చిన వాటితో నత్తలు వచ్చి అద్దమంతా పాకాయి, ఇంకా ఏరుతూనే ఉన్నాను. ఆదివారం రద్దీలో ఆయనకు మాట్లాడే తీరిక ఉండదు, మామూలు రోజు సాయంత్రం వెళ్లండి. నీళ్ల సీసా మరిచిపోకండి.