నడుము డిస్క్‌కి ఎండోస్కోపీ: చాలాకాలం వాడాక తేలిన సంగతులు

సన్నని గొట్టం, కెమెరాతో నడుములోకి వెళ్లి, జారిన డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) ముక్కను తీసే ఈ పద్ధతి బాగా పనిచేసేది పిరుదు నుంచి పిక్కదాకా, పాదందాకా లాగే నొప్పి మీద. నడుము మాత్రమే పట్టేసి, కాలికి ఏమీ లేనివాళ్లకి దీనివల్ల ఒరిగేది తక్కువ. జారిన ముక్క నరాన్ని నొక్కుతుంటే ఆ ముక్కను తీసేయొచ్చు. అరిగిపోయిన డిస్క్‌ని, బలం తగ్గిన నడుము కండరాల్ని ఏ గొట్టంతోనూ కొత్తవి చేయలేం. ఎమ్మారై కవరు చేత్తో పట్టుకుని ‘బల్జ్ అని రాశారు, తీసేయండి’ అంటూ వచ్చేవాళ్లలో చాలామందికి ఆ బల్జ్‌కీ, అంటే డిస్క్ ఉబ్బుకీ, నొప్పికీ సంబంధమే ఉండదు. ఏ నొప్పీ లేని నలభై ఏళ్లవాళ్లకి స్కాన్ తీసినా దాదాపు సగం మందిలో ఏదో ఒక బల్జ్ కనబడుతుంది.

అందుకని ఫిల్ముకన్నా ముందు కాలు చూడాలి. నడుములో జారే డిస్క్‌ల్లో నూటికి తొంభై అయిదు ఎల్4-ఎల్5 (నడుము నాలుగు, అయిదో పూసల మధ్య), ఎల్5-ఎస్1 (అయిదో పూసకీ దాని కింది త్రికాస్థికీ మధ్య) దగ్గరే. ఎల్5 నరం నలిగితే పాదం పైభాగం తిమ్మిరెక్కి, బొటనవేలు పైకి ఎత్తడం కష్టమవుతుంది. ఎస్1 అయితే పాదం బయటి అంచు మొద్దుబారుతుంది, ఒంటికాలి మునివేళ్ల మీద లేవలేరు. వెల్లకిలా పడుకోబెట్టి కాలు చాపి ఎత్తితే 30 నుంచి 70 డిగ్రీల మధ్య కాలి కిందివరకూ షాక్ కొట్టినట్టు లాగాలి. నొప్పి కుడికాలికీ, ఎమ్మారైలో ముక్క ఎడమవైపూ ఉంటే ఆపరేషన్ మాట ఎత్తకూడదు.

ఆరు వారాలు ఆగమని చెప్పడం కాలయాపన కాదు. ఎక్కువమందికి ఆ గడువులోనే తగ్గుతుంది. విచిత్రం ఏమిటంటే, పూర్తిగా తెగి బయటపడిన పెద్ద ముక్కే చిన్న బల్జ్ కన్నా త్వరగా కరుగుతుంది, శరీరం దాన్ని పరాయి వస్తువుగా చూసి తినేస్తుంది కాబట్టి. ఆగకూడని సందర్భాలు వేరే ఉన్నాయి: మూత్రం రాకుండా ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం, పాదం రోజురోజుకీ వేలాడిపోవడం. అప్పుడు అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. కోత చిన్నదా పెద్దదా అని బేరాలాడే వేళ కాదది.

మందులతో లొంగని నొప్పికి ముందు నరం వేరు దగ్గర ఇంజెక్షన్. 22 గేజి స్పైనల్ సూదిని సీ-ఆర్మ్ (కదిలే ఎక్స్‌రే యంత్రం) చూస్తూ నరం బయటికొచ్చే రంధ్రంలోకి దించి, ఒక మిల్లీలీటరు అయోహెక్సాల్ (ఎక్స్‌రేలో కనబడే కాంట్రాస్ట్ ద్రవం) ఎక్కించి అది నరం వెంట పాకుతోందో రక్తనాళంలోకి పారిపోతోందో చూసుకున్నాకే మందు. మందు విషయంలో రాజీ పడకూడదు. రేణువులుండే స్టెరాయిడ్ పొరపాటున ధమనిలోకి పోతే వెన్నుపాముకి రక్తం ఆగి కాళ్లు పడిపోవచ్చు. రేణువుల్లేని డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాములు దాదాపు అంతే పని చేస్తుంది. షుగరున్నవాళ్లకి కొన్ని రోజులు రీడింగులు ఎగబాకుతాయి, షుగరు మందు మోతాదు ముందే మాట్లాడుకోవాలి. ఇంజెక్షన్ ముక్కను కరిగించదు, అది కరిగేదాకా నొప్పిని ఆపుతుంది. డిస్క్‌లోకి ఓజోన్ వాయువు ఇంజెక్షన్ కూడా మనదగ్గర బాగానే నడుస్తోంది. మిల్లీలీటరుకి 30–40 మైక్రోగ్రాముల గాఢతతో అప్పటికప్పుడు తయారుచేసి వెంటనే ఎక్కించాలి. బయటి రింగు తెగని చిన్న డిస్క్‌ల్లో కొంత ఫలితం ఉంటుంది, తెగిన ముక్క మీద ఆశ పెట్టుకోవద్దు. హోర్డింగుల మీద కనబడే ‘లేజర్’ కూడా అంతే. చాలాచోట్ల పేరుకి లేజరే కానీ ముక్కను లాగేది ఫోర్సెప్సే (పట్టకారు).

ఇక అసలు పని. రోగిని బోర్లా పడుకోబెట్టి, నడుము మధ్యగీత నుంచి ఎల్4-ఎల్5కి సుమారు 12 సెంటీమీటర్ల పక్కన గుర్తు పెడతాం. లావుపాటి ఒంటికి ఇంకా బయటికి జరపాలి. ఆ దూరం రోగి సొంత ఎమ్మారైలో కొలుచుకోవాలి, పుస్తకంలో అంకె వాడితే సూది తప్పుతుంది. 18 గేజి సూది కాంబిన్ త్రికోణంలో దిగాలి: ఒకవైపు ఏటవాలుగా బయటికి పోయే నరం, కింద వెన్నుపూస పై అంచు, లోపలివైపు కిందికి దిగే నరం. డిస్క్‌లోకి కాంట్రాస్ట్‌తో ఇండిగో కార్మైన్ అనే నీలి రంగు కలిపి ఎక్కిస్తే చెడిన గుజ్జు నీలంగా మారుతుంది, తెల్లటి నరానికీ దానికీ తేడా తెలుస్తుంది. మిథిలిన్ బ్లూ చవకే, కానీ వెన్నుద్రవంలోకి జారితే నరాలకి విషం. మేం దాన్ని దగ్గరికి రానివ్వం. తర్వాత గైడ్‌వైర్ (దారి చూపే తీగ), దాని మీదుగా డైలేటర్లు (దారిని వెడల్పు చేసేవి), 8 మిల్లీమీటర్ల కోతలోంచి 7.5 మిల్లీమీటర్ల గొట్టం. రంధ్రం ఇరుగ్గా ఉంటే కీలు ఎముక అంచుని రీమర్ (ఎముక తొలిచే పనిముట్టు)తో చెక్కాలి. ఇక్కడ బద్ధకించి గొట్టాన్ని నిక్కించి తోస్తే పైనున్న నరం నలుగుతుంది. ఆపరేషన్ తర్వాత వచ్చే మంటల్లో చాలావాటికి మూలం ఇదే.

రోగి మెలకువగా ఉండటమే ఈ పద్ధతిలో మాకు అన్నిటికన్నా నచ్చింది. చర్మానికీ కండరానికీ ఒక శాతం లిగ్నోకైన్ (తిమ్మిరి మందు), నరం దగ్గర ఇంకా పలచన చేసి వాడాలి. నరమే మొద్దుబారిపోతే హెచ్చరించేవాడు ఉండడు. గొట్టం నరానికి తగలగానే ‘కాలు లాగుతోంది’ అంటారు, చేతులు ఆగిపోతాయి. పూర్తి మత్తు ఇమ్మని పట్టుబట్టే రోగులకి ఈ కారణం విడమరిచి చెబితే ఎక్కువమంది ఒప్పుకుంటారు. లోపల సెలైన్ ఆగకుండా పారుతుంటుంది, మూడు లీటర్ల సంచులు వరసగా ఖాళీ అవుతాయి. పంపు ఒత్తిడి పెరిగితే ‘మెడ పట్టేస్తోంది, తల నొస్తోంది’ అంటారు. ఆ మాట వినగానే నీళ్లు తగ్గించాలి, వినకపోతే మూర్ఛ దాకా పోవచ్చు.

ముగింపు గుర్తులు మూడు చూస్తాం. నరం సెలైన్ ప్రవాహానికి స్వేచ్ఛగా కొట్టుకోవాలి. తీసిన ముక్కల మొత్తం ఎమ్మారైలో కనబడ్డ పరిమాణానికి దగ్గరగా ఉండాలి. టేబుల్ మీదే కాలు ఎత్తితే లాగకూడదు. రెండోది లెక్క తప్పితే ఎక్కడో ముక్క మిగిలినట్టే. బాగా కిందికో పైకో వలసపోయిన ముక్కల విషయంలో ఇది తరచూ జరుగుతుంది. ఎల్5-ఎస్1 దగ్గర తుంటి ఎముక ఎత్తుగా ఉన్న మగవాళ్లలో పక్కనుంచి దారే దొరకదు. అక్కడ పక్కదారి కోసం మొండికేయకుండా వెనకనుంచి, లామినాల (పూస వెనక ఉండే ఎముక పలకల) మధ్యగా వెళ్లాలి. వెన్నుపూస జారుతూ కదులుతుంటే, లేదా ఎముక పెరిగి వెన్నుకాలువంతా మూసుకుపోతే ఈ గొట్టం సరైన పనిముట్టు కాదు.

మైక్రోస్కోప్‌తో చూస్తూ కోసి ముక్కను తీసే పాత మైక్రోడిస్కెక్టమీ కన్నా మేలా అంటే, నెదర్లాండ్స్‌లో 613 మందిపై చేసి 2022లో బీఎంజే వైద్యపత్రికలో వచ్చిన పోలికలో ఏడాది తర్వాత కాలు నొప్పి విషయంలో ఇది దానికి తీసిపోలేదు. రక్తం తక్కువ పోతుంది, ఇంటికి త్వరగా వెళ్తారు. అంతకుమించి గొప్పలు చెబితే నమ్మక్కర్లేదు. మైక్రోస్కోప్‌తో చేయి తిరిగిన సర్జన్ దగ్గరలో ఉంటే, ఎండోస్కోప్ కొత్తగా పట్టినవారి కోసం ఊరు మారడం తెలివైన పని కాదు.

అదే రోజు నడిపిస్తాం. కాలు లాగడం ముందు పోతుంది, బలం మెల్లగా వస్తుంది, తిమ్మిరి అన్నిటికన్నా ఆఖరున, కొందరికి కొంత మిగిలిపోతుంది కూడా. ఇదంతా ముందే చెప్పకపోతే ‘ఆపరేషన్ ఫెయిలైంది’ అంటారు. కోత చిన్నదని డిస్క్ రింగులో చిల్లు చిన్నదైపోదు. అది 6 మిల్లీమీటర్లు దాటితే ముక్క మళ్లీ జారే ప్రమాదం ఎక్కువ. ఆరు వారాలు వంగి ఎత్తడం, ఒంటిని మెలితిప్పడం మానాలి. నీళ్ల బిందె, బియ్యం సంచి, చంటిపిల్లలు అన్నీ ఇందులోకే వస్తాయి. కూర్చోవడం మొదట్లో అరగంటకి మించకూడదు, కింద బాసింపట్టు అసలొద్దు. దొడ్డికి వెస్ట్రన్ కమోడే. స్పీడు బ్రేకర్ల మీద స్కూటరు కన్నా నడక మంచిది. రెండో వారం నుంచి పొట్ట బిగించే తేలికపాటి వ్యాయామాలు మొదలవుతాయి, ముందుకి వంగే ఆసనాలకి ఇంకా సమయముంది.

మొదటి వారాల్లో తొడకో పిక్కకో కొత్త మంట పుడితే చాలావరకు అది నరం వాపు. ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందుతో నెలా నెలన్నరలో చల్లబడుతుంది. రెండు నుంచి నాలుగు వారాల మధ్య నడుము నొప్పి తిరగబెట్టి, రాత్రిళ్లు పక్క మీద మసలనివ్వకపోతే మాత్రం అది డిస్క్‌లో ఇన్ఫెక్షన్ కావొచ్చు. పైకి గాయం శుభ్రంగానే ఉంటుంది, జ్వరం ఉండొచ్చు లేకపోవచ్చు. ఫోన్లో మాత్ర రాయించుకోకుండా ఈఎస్ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు చేయించుకుని, అవి పెరిగి ఉంటే కాంట్రాస్ట్ ఎమ్మారై తీయించుకోవాలి.