మందులు అమ్మని రొయ్యల ల్యాబ్

భీమవరం నుంచి ఆకివీడు వెళ్లే దారిలో రొయ్యల ల్యాబులకు కొదవ లేదు. వాటిలో చాలా వరకు మేత, మందుల దుకాణాలకు అనుబంధంగా నడిచేవే కావడంతో నీటి పరీక్ష ఉచితంగా చేస్తారు, చీటీ మీద మినరల్సు, ప్రోబయోటిక్సు రాసిస్తారు, ఆ సరుకు పక్క గదిలోనే దొరుకుతుంది. ఇక్కడ నేను సమీక్షిస్తున్న ల్యాబ్ ఆ దారిన పోలేదు. తలుపులు తెరిచిన నాడే ఇక్కడ మందు అమ్మకూడదని, పరీక్షకు మాత్రమే రుసుము తీసుకోవాలని దాని యజమాని నిశ్చయించుకున్నారు. ఉచితానికి అలవాటు పడిన రైతులు తొలినాళ్లలో అటువైపు చూడలేదని, సిబ్బంది జీతాలకు కూడా ఇబ్బంది పడ్డానని ఆయనే చెబుతారు. ఆ నిర్ణయం విలువ ఏమిటో ఒకే డ్రెయిన్ మీద చెరువులున్న మా రైతుల బృందానికి పెద్దగా వ్యవహరిస్తున్న నాకు పోయిన శీతాకాలపు పంటలో బాగా తెలిసింది.

రొయ్యల సాగులో బృందానికి పెద్దగా ఉన్నవాడికి ఎదురయ్యే కష్టమైన నిర్ణయం సాధారణంగా ఒక్కటే: పట్టుబడి, అంటే వల వేసి రొయ్యను చెరువులోంచి తీసి అమ్మడం, ఎప్పుడు చేయాలి? కిలోకు వంద తూగే రొయ్యను పట్టేస్తే వచ్చే ధరకూ, మరికొన్ని వారాలు ఆగి యాభై కౌంటుకు, అంటే కిలోకు యాభై తూగే సైజుకు, తెస్తే వచ్చే ధరకూ చాలా తేడా ఉంటుంది కాబట్టి ఆగుదామనే అందరి మనసూ చెబుతుంది. తెల్లమచ్చ వైరస్‌కు మాత్రం ఆ ఆలోచనతో పని లేదు. లక్షణాలు కనబడ్డాక మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తాన్ని తుడిచిపెట్టగల జబ్బు అది, దానికి మందు లేదు. 1994-95 ప్రాంతంలో ఈ తీరమంతటా టైగర్ రొయ్యను దెబ్బతీసింది అదే. 2009లో వెనామీ అనే విదేశీ రొయ్యకు అనుమతి వచ్చాక రకం మారింది గానీ వైరస్ ఎక్కడికీ పోలేదు. పైగా ఒక చెరువులో చచ్చిన రొయ్యను కాకి ఎత్తుకుపోయి పక్క చెరువులో పడేసినా, జబ్బు నీటిని డ్రెయిన్‌లోకి వదిలినా నష్టం ఒక్కరితో ఆగదు.

ఈ ల్యాబ్ ఇచ్చే సేవల్లో నాకు అన్నిటికంటే నచ్చింది చెరువులో రొయ్య పిల్ల వేయడానికి ముందు జరిగే కూర్చోబెట్టుడు. బృందంలోని రైతులందరినీ పిలిపించి, ఏ ఫలితం వస్తే ఏం చేయాలో ముందే కాగితం మీద రాయిస్తారు. వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పి.సి.ఆర్. పరీక్షలో పిల్లకు వైరస్ తేలితే, చెరువు నీళ్లతో సిద్ధంగా ఉన్నా, పిల్లను ఉత్పత్తి చేసే హేచరీకి అడ్వాన్సు ఇచ్చేసినా ఆ పిల్లను దించకూడదు. పెంపకం మధ్యలో తెల్లమచ్చ తేలి, మేత ఎంత తిన్నదీ చూసే చెక్‌ట్రేలో మేత మిగిలిపోవడం, గట్టు వెంట నీరసపడిన రొయ్య కనబడడం మొదలైతే కౌంటు ఎంతైనా వల వేయాలి. నీటికి బ్లీచింగ్ పట్టించి, నిలవ ఉంచాకే డ్రెయిన్‌లోకి వదలాలి. ముందుగా పట్టిన రైతుకు వచ్చే నష్టంలో మిగిలినవారు ఎంత భరించాలన్నది కూడా అదే కాగితంలో ఉంటుంది. ఈ చివరి అంశాన్ని పట్టుబట్టి రాయించినందుకు ల్యాబ్ యజమానికి ప్రత్యేకంగా నమస్కారం పెట్టాలి. పదిమంది మేలు కోసం ఒకరి పంట తీయించేటప్పుడు ఆ ఒకరికి చెప్పడానికి మాట కాక మరొకటి చేతిలో ఉండాలి కదా.

శీతాకాలంలో నీళ్లు చల్లబడ్డాక మా బృందంలో వయసులో పెద్దాయన చెరువు నమూనాలో వైరస్ బాగా ఎక్కువగా తేలింది. రిపోర్టు సాయంత్రానికల్లా ఫోనుకు వచ్చింది, ఆ వెంటనే ల్యాబ్ యజమాని స్వయంగా మాట్లాడారు. “మందుంటే రాసేవాణ్నండి. లేదు కాబట్టి వల వేయమంటున్నాను” అన్నారు. పెద్దాయనకు ఒక దుకాణంలో అప్పటికే ఏదో డబ్బా చూపించి, వారం ఆగితే సర్దుకుంటుందని చెప్పి ఉన్నారు. “బాబాయ్‌ గారూ, మనం రాసుకున్న కాగితం ప్రకారమే చేద్దామండి” అనడానికి నాకు ధైర్యం ఇచ్చింది, అవతల మాట్లాడుతున్న మనిషికి అమ్ముకోవలసిన సరుకేదీ లేకపోవడమే. మర్నాడు తెల్లవారుజామున ఐసు లారీ వచ్చింది. ఆయనకు పూర్తి ధర రాలేదు, కొంత పెట్టుబడి పోయింది. మిగతా చెరువులు నిలిచాయి, ఒప్పుకున్న వాటా డబ్బు ఆయనకు అందింది. అన్ని చెరువులూ నిలవడానికి ఆ పట్టుబడి ఒక్కటే కారణమని నేను ప్రమాణం చేయలేను. ఆ పూట ఊరికే కూర్చుని ఉంటే మాత్రం రాత్రిళ్లు ఎవరికీ నిద్ర ఉండేది కాదు.

ఇ.హెచ్.పి. అనే పరాన్నజీవి విషయంలో మాత్రం ఈ ల్యాబ్ సలహా ఇంత పదునుగా ఉండదు. ఆ పరాన్నజీవి రొయ్యను ఒక్కసారిగా చంపదు. ఎదుగుదలను ఆపి, చెరువులో సైజుల తేడా తెచ్చి, మేత ఖర్చుతో రైతును మెల్లగా తినేస్తుంది. అప్పుడు పట్టేయాలా, నెట్టుకురావాలా అన్నది వారం వారం బరువు చూసి, మేతతో పోల్చి లెక్క కట్టుకోవలసిన విషయం. ఆ లెక్క రైతుకే వదిలేస్తామని వారంటారు గానీ, ఇంత రుసుము తీసుకునేవారు ఇంకొంచెం ముందుకు వచ్చి లెక్క వేసి చూపించాలని నా అభిప్రాయం.

లోపాలు ఇంకా ఉన్నాయి. రిపోర్టు అంతా ఇంగ్లీషులోనే ఉంటుంది. సి.టి. విలువ, అంటే వైరస్ కనబడడానికి పి.సి.ఆర్.లో పట్టిన విడతల సంఖ్య, తక్కువగా ఉంటే వైరస్ ఎక్కువని అర్థం. ఈ సంగతి ఎవరైనా చెప్పకపోతే రైతు అంకె చిన్నదని సంతోషించే ప్రమాదం ఉంది. ఆదివారం నమూనాలు తీసుకోరు, వైరస్‌కు వారాలు తెలియవు. ఎకరం, రెండెకరాలు కౌలుకు చేసేవారికి పి.సి.ఆర్. రుసుము భారమే కనుక, పక్కపక్క చెరువుల వారు కలిసి వెళ్లి బృందంగా మాట్లాడుకోవడం మంచిది. మాకు అలాగే కొంత తగ్గించారు.

వెళ్లేవారు చచ్చిన రొయ్యను తీసుకెళ్లవద్దు. చెక్‌ట్రే దగ్గర, గట్టు వెంట నీరసంగా తిరిగే బతికున్న రొయ్యలను ఏరి, ఆక్సిజన్ పట్టిన కవరులో, ఏ చెరువుదో రాసి ఉదయం పూటే అందించాలి. పిల్లను పరీక్ష చేయించదలచినవారు హేచరీ బండి బయలుదేరకముందే నమూనా పంపించాలి. బండి గట్టు మీదికి వచ్చి నిలబడ్డాక పిల్లను వెనక్కి పంపడానికి ఎవరికీ మనసొప్పదు.