సున్నా ఎక్సెస్, ఒక కీయా పిట్ట, 325 డాలర్లు

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో ఇప్పటికి మూడుసార్లు కారు అద్దెకు తీసుకున్నాను. 2018లో ఎనిమిది రోజులు, 2023లో పన్నెండు, మొన్న 2025 జనవరిలో పదకొండు. మూడుసార్లూ మూడు వేర్వేరు సంస్థలు. స్టీరింగు మాత్రం ఎప్పుడూ నా చేతిలోనే. మావారికి కారు నడపడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదని పెళ్లయిన కొత్తల్లోనే చెప్పేశారు. అమ్మాయి ఆక్లండ్‌లో ఉంటుంది. అల్లుడి కారు అల్లుడి ఉద్యోగానికే సరిపోతుంది కాబట్టి, దక్షిణ దీవికి విమానంలో వెళ్లి అక్కడ కారు తీసుకోవడం మాకు అలవాటైంది.

రోడ్ల అందం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. మనలాగే ఎడమవైపు నడపాలి, ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు సరిపోతుంది, ఒకే కారు పట్టే వంతెనల దగ్గర బాణం గుర్తు చూసుకుని ఆగాలి. ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచింది కౌంటరు దగ్గర అమ్మే ఒక్క సరుకు గురించి: "ఎక్సెస్ సున్నా చేస్తాం, నిశ్చింతగా తిరగండి" అంటారే, దాని గురించి.

ఎక్సెస్ అంటే కారుకు ఏదైనా జరిగితే బీమా కన్నా ముందు మన జేబులోంచి పోయే మొత్తం. నేను తీసుకున్న కార్లకు అది మూడున్నర వేల న్యూజిలాండ్ డాలర్ల దగ్గర ఉండేది. ఆ దేశంలో ఒక విచిత్రం ఉంది. ప్రమాదంలో మనిషికి దెబ్బ తగిలితే ఏసీసీ అనే ప్రభుత్వ పథకం చికిత్సకు ఆదుకుంటుంది. తప్పెవరిదని అడగరు, మనలాంటి చుట్టపుచూపు వాళ్లకు కూడా వర్తిస్తుంది. 1974 నుంచి నడుస్తోంది. ఆ కారణంగానే అక్కడ వాహన బీమా చట్టప్రకారం తప్పనిసరి కాదు. అంటే మన చెయ్యి విరిగినా చూసేవాళ్లున్నారు, కారు అద్దం పగిలితేనే దిక్కులేదు. కౌంటరులోని అమ్మాయి మొదటి ప్రశ్నే ఎక్సెస్ గురించి ఎందుకు అడుగుతుందో నాకు ఆలస్యంగా అర్థమైంది.

మొదటిసారి ఏమీ తీసుకోలేదు. ఏమీ కాలేదు. ఇంటికొచ్చి "అదంతా భయపెట్టి డబ్బు లాగడమే" అని బంధువులందరికీ ఉపన్యాసాలిచ్చాను.

రెండోసారి తెలివి మీరి, బయటి సంస్థ దగ్గర ఆన్‌లైన్‌లో రోజుకు ఏడు డాలర్ల పాలసీ తీసుకున్నాను. కౌంటరువాళ్లు అడిగేదానిలో అయిదో వంతు. దక్షిణ దీవి అడుగు కొసన ఉన్న కాట్లిన్స్ వైపు కంకర రోడ్డు మీద ఎదురుగా వచ్చిన ట్రక్కు ఒక రాయి విసిరింది, ముందు అద్దం మీద చిన్న నక్షత్రం పడింది. అద్దె సంస్థ నా కార్డు మీద 580 డాలర్లు గీకింది. ఏడు వారాల తర్వాత పాలసీ సంస్థ పైసాతో సహా తిరిగిచ్చింది. అప్పుడు దాన్ని తెగ పొగిడాను, ముగ్గురి చేత కొనిపించాను కూడా.

ఆ పొగడ్తలో చెప్పనివి రెండున్నాయి. ఒకటి, "పైసాతో సహా" అన్నది డాలర్లలో. విదేశీ వాడకానికి నా బ్యాంకు వేసుకునే అదనపు రుసుము, దాని మీద జీఎస్టీ, వెళ్లేటప్పుడొక మారకపు రేటు, వచ్చేటప్పుడొక రేటు, అన్నీ కలిపి రెండు వేల పైచిలుకు రూపాయలు గాలిలో కలిశాయి. రెండోది ఇంకా పెద్దది. బయటి పాలసీ ఉన్నా అద్దె సంస్థకు దానితో సంబంధం లేదు. ఎక్సెస్ మొత్తాన్నీ కార్డు మీద బ్లాక్ చేస్తారు. మూడున్నర వేల డాలర్లంటే అప్పటి లెక్కలో దాదాపు లక్షా డెబ్బై అయిదు వేలు, నా కార్డు పరిమితి రెండు లక్షలు. కార్డు కూడా కారు నడిపేవారి పేరు మీదే ఉండాలన్నారు, మావారి కార్డు చూపిస్తే తల అడ్డంగా ఊపారు. మిగిలిన పాతికవేలతో పన్నెండు రోజుల యాత్ర! హోటల్లో బిల్లు కట్టే ప్రతిసారీ గుండె దడే.

అందుకని మూడోసారి కౌంటరులోనే రోజుకు 36 డాలర్లు పెట్టి సున్నా ఎక్సెస్ కొన్నాను. 396 డాలర్లు. బ్లాక్ చేసింది రెండు వందలే. హాయిగా ఉంది. "పూర్తి రక్షణ" అని కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉంది.

నాలుగో రోజు తె అనావు అనే ఊరి నుంచి, కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన మిల్‌ఫర్డ్ సౌండ్‌కు బయల్దేరాం. కొండ చివర హోమర్ సొరంగం వస్తుంది, కిలోమీటరుకు పైగా పొడవు, 1954లో తెరిచారు. జనవరి అక్కడ వేసవి. వేసవిలో సిగ్నల్ పెట్టి ఒక వైపు వాహనాల్నే వదులుతారు. మా ముందు పది కార్లు ఆగి ఉన్నాయి. ఇంజను ఆపి కూర్చున్నాం.

అప్పుడొచ్చింది కీయా. అక్కడి కొండచిలుక, బాతంత ఉంటుంది, ముదురాకుపచ్చ రంగు, రెక్క ఎత్తితే కింద నారింజ రంగు. బానెట్ మీద వాలి, అద్దంలోంచి మా ఇద్దరినీ పరీక్షగా చూసింది. నేను మురిసిపోయి ఫోనులో వీడియో మొదలుపెట్టాను. అది ముక్కుతో వైపరు రబ్బరు కొస పట్టుకుని లాగింది. ఇంకో రెండు పైకప్పు మీద దిగినట్టు టకటకమని చప్పుడు.

"ఏమండీ, తరమండి!" అన్నాను.

"కారు నీది, నువ్వే తరుము" అన్నారు మావారు, తన వైపు అద్దం ఎత్తేస్తూ.

నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. భయపడి ఎగిరిపోతుందని వైపరు ఆన్ చేశాను. దానికి అంతకన్నా ఆనందం ఇంకొకటి లేదు. ఆటవస్తువు కదిలింది కదా! వచ్చినప్పుడల్లా కాలితో తొక్కి పట్టి, మూడో ఊపుకు రబ్బరు మొత్తం ఊడబెరికింది, చెరుకు పీచు లాగినట్టు. సరిగ్గా అప్పుడే ఆకుపచ్చ దీపం వెలిగింది. వెనక పాతిక కార్లు. అక్కడ ఎవరూ హారను కొట్టరు, కానీ ఆ మౌనం హారను కన్నా భరించలేనిది. రబ్బరు పిట్ట నోట్లోనే వదిలి సొరంగంలోకి దూరాను.

సొరంగం మిల్‌ఫర్డ్ వైపు ఏటవాలుగా దిగుతుంది. ఇటు ఎండ కాస్తుంటే అటు వర్షం. మిల్‌ఫర్డ్‌లో ఏడాదికి ఆరు మీటర్లకు పైగా వాన పడుతుందని చదివాను గాని, దానిలో మా వాటా ఒకే రోజున ఇస్తారనుకోలేదు. బయటపడగానే చెయ్యి అలవాటుగా వైపరు నొక్కింది. రబ్బరు లేని ఇనుప చట్రం అద్దాన్ని గీరుకుంటూ పోయిన చప్పుడు ఇప్పటికీ పళ్లు పులిసేలా చేస్తుంది. నా కళ్లెదుటే ఇంద్రధనుస్సు ఆకారంలో గీత పడింది. ఎదురుగా మలుపుల మీద మలుపులు, అద్దం మీద నీళ్లు తప్ప ఏమీ కనబడదు, ఫోనులో సిగ్నల్ లేదు. నడక వేగంతో పక్కన జాగా దొరికేవరకు పాకించాను.

డ్రైవింగు రాని మావారు అప్పుడు పనికొచ్చారు. ముప్ఫై ఏళ్లు స్కూటరును తనే విప్పి బిగించుకున్న మనిషి. గొడుగు మెడకు ఆనించుకుని ఎడమవైపు వైపరు బ్లేడు ఊడదీసి నా వైపు తగిలించారు. కొంచెం పొట్టి, కానీ కొక్కెం ఒకటే. ఊడిన చేతికి తన తువ్వాలు చుట్టి నా జడ రబ్బరుతో కట్టారు. అద్దంలో సగం నుంచే లోకం కనబడుతున్నా, మిల్‌ఫర్డ్ వెళ్లి పడవెక్కి వచ్చాం కూడా. మర్నాడు తె అనావులో 38 డాలర్లకు కొత్త బ్లేడు కొని వేయించాను. అప్పుడు చూస్తే వెనక తలుపు పైన రబ్బరు బీడింగు కూడా జానెడు మేర కొరికేసి ఉంది.

రాత్రి ధర్మవరంలో ఉన్న మా అక్కకు ఫోను చేసి "కీయా మా కారు పాడుచేసిందే" అన్నాను. "అదేమిటే, కియా మంచి కారేగా, పెనుకొండ దగ్గరే కదా తయారవుతోంది" అంది. పది నిమిషాలు ఎవరం ఏ కియా గురించి మాట్లాడుతున్నామో ఇద్దరికీ తెలియలేదు.

క్వీన్స్‌టౌన్‌లో కారు అప్పగించేటప్పుడు నిజం చెప్పేశాను, వీడియో చూపించాను. డెస్కులో కుర్రవాడు నవ్వాడు, వాళ్లకిది కొత్త కాదు. అద్దం మీద గీత చూసి "కొత్త అద్దం వెయ్యాలి, అది మీ రక్షణలో ఉంది, మీరేమీ కట్టనక్కర్లేదు" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునే లోపే తొమ్మిదో పేజీ తీశాడు. వైపర్లు, యాంటెనా, తాళంచెవి, రబ్బరు బీడింగులు "అమరికల" కిందికి వస్తాయట, రక్షణ పరిధిలో లేవు. టైరు, కారు అడుగుభాగం, పైకప్పు, వీటికింకో పేరా. బీడింగుకూ దాన్ని వేసే కూలికీ కలిపి 265, కాగితాల పనికి 60. మొత్తం 325 డాలర్లు. నేను కొన్న బ్లేడు ఖర్చు కూడా నాదే.

వాదించాను. పెద్ద అద్దం ఇచ్చి జానెడు రబ్బరు ఇవ్వకపోవడమేమిటని అడిగాను. "సంతకం చేశారు కదండీ" అన్నట్టు వినయంగా చూశాడు. నిజమే, చేశాను, చదవలేదు. ఈ పిట్టలు గొర్రెల్ని పొడుస్తున్నాయని ఒకప్పుడు ప్రభుత్వమే బహుమతులిచ్చి చంపించేది. 1986 నుంచి చట్టం వీటికి పూర్తి రక్షణ ఇచ్చింది. పూర్తి రక్షణ అంటే దానిది. నాది 396 డాలర్ల కాగితం.

మావారి లెక్క వేరు. అద్దం ఖర్చు మన మీద పడి ఉంటే వెయ్యి దాటేదని, రక్షణ తీసుకోవడం వల్ల బాగుపడ్డామని, నేను కేవలం పౌరుషానికి గొణుగుతున్నానని అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. బయటి పాలసీ అయితే రబ్బరుకు కూడా ఇచ్చేదేమో, కానీ లక్షన్నర పైన బ్లాక్ చేయించుకునే కార్డు నాకు లేదు. పెద్ద పరిమితి ఉన్న కార్డు, ఏడు వారాలు ఆగే ఓపిక ఉన్నవాళ్లు బయటిదే తీసుకోండి. నాలాంటి చిన్న కార్డువాళ్లు కౌంటరుదే తీసుకోక తప్పదు, కాకపోతే సంతకానికి ముందు "ఇందులో లేనివి ఏ పేజీలో ఉన్నాయి" అని అడగండి. నేను మొదటి యాత్రలోలాగా ఏమీ తీసుకోకుండా వెళ్లమని మాత్రం ఇక ఎవరికీ చెప్పను, ఆ రోజు నా తెలివి కాదు, అదృష్టం.

వచ్చే ఏడాది మళ్లీ వెళ్లాలనుకుంటున్నాం. మిల్‌ఫర్డ్ రోజున కారు తె అనావులోనే వదిలి బస్సెక్కుదామంటున్నాను. మావారు ఒప్పుకోవడం లేదు. వైపరు బ్లేడు ఒకటి ఇక్కడే కొని సూట్‌కేసులో పెడతారట, ఏ కారు ఇస్తారో తెలియకుండానే.